అద్దాల బావ కలిపే పళ్ళ వైన్

మా బావకి కోపం రాదు. పొగుడుతున్నాననుకునేరు, కాదు, ఫిర్యాదు చేస్తున్నాను. నేను రైల్వే టికెట్ కౌంటర్లో కూర్చుని, క్యూ తప్పేవాళ్ళ మీదా, రైలు కదిలాక టికెట్ అడిగేవాళ్ళ మీదా పొద్దస్తమానం అరిచి, గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తానా, ఈయన షాపు గుమ్మంలో నిలబడి, "ఏం మరదలా, ఇవాళ ఎన్ని రైళ్ళని భయపెట్టావ్?" అంటాడు. అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేను తిట్టినా నవ్వుతాడు, తలుపు ధడాలున వేసినా నవ్వుతాడు. మనిషన్నాక కాస్తయినా కోపం ఉండొద్దూ? లేకపోతే ఎదుటివాళ్ళకి ఎంత ఇబ్బంది!

అక్క మొగుడు కాబట్టి నాకు బావ. అద్దాలు కోసే పని కాబట్టి అద్దాల బావ. వీధిలో తండ్రికీ కొడుక్కీ కూడా ఆయన అద్దాల బావే, వరస కలుస్తుందో లేదో ఎవరూ చూసుకోరు. కింద షాపు, పైన వాళ్ళిల్లు, పెళ్ళీ గిళ్ళీ వద్దనుకున్న నేను వాళ్ళ పక్క వాటాలో, ఆ పైన డాబా. షాపులో గోడ పొడుగునా చెక్క చట్రాల్లో అద్దాలు నిలబెట్టి ఉంటాయి, అంచులు పచ్చగా మెరుస్తూ. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద మందపాటి ఉన్నిగుడ్డ. అద్దాన్ని ఆ గుడ్డ మీద పడుకోబెట్టి, చెక్క బద్ద ఆనించి, కత్తితో ఒకే ఒక్క గీత గీస్తాడు. గీసేటప్పుడు ఊపిరి తీయడు. చూస్తున్నవాళ్ళం మేమూ తీయం. తరవాత గీత కింద వేలితో తట్టి, రెండు చేతులతో కాస్త వంచితే టక్కుమని రెండు ముక్కలవుతుంది. గీత వణికిందా, అద్దం తనకి తోచిన దారిన పోతుంది. ఆ పనిలో చెయ్యే సర్వస్వం.

ఇక మా అక్క. ఆసుపత్రిలో బట్టలుతికే విభాగమంతా ఆవిడ చేతి కింద నడుస్తుంది. ఆవిరి, గడగడలాడే మెషిన్లు, గుట్టల కొద్దీ దుప్పట్లు. ఏ దుప్పటి మీద ఏం ఒలికిందో దగ్గరికి తీసుకుని వాసన చూసి చెప్పేస్తుంది. మరక కనిపిస్తే మా అక్కకి ముద్ద దిగదు. మా ఎదురింట్లో పాటల మాస్టారు ఉంటారు, బళ్ళో పిల్లలకి సంగీతం చెబుతారు. పాపం ఏదో పనిమీద మా ఇంటికొచ్చిన మనిషిని, జేబు కింద సిరా చుక్క ఉందని బనీను మీద కూర్చోబెట్టి, చొక్కా ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి గానీ పంపలేదు. అప్పట్నించి ఆయన మా గుమ్మం ఎక్కేముందు ఒళ్ళంతా తడిమి చూసుకుంటారు.

శనివారం సాయంత్రం డాబా మీద నలుగురం చేరటం, బావ కలిపిన పళ్ళ వైన్ తాగటం ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. దాన్ని పంచ్ అంటారట. పేరుతో మాకేం పని, పళ్ళ వైన్ అంటే సరిపోయె. ఎవరికీ పిలుపులుండవు. చీకటిపడేలోగా ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుని మెట్లెక్కి వచ్చేస్తారు. పాటల మాస్టారు, వీధి చివర మందుల షాపావిడ, ఆవిడ ఇద్దరు మనవలు, మేం ముగ్గురం. కుర్చీలు చాలకపోతే నీళ్ళ ట్యాంకు గట్టు ఎలాగూ ఉంది.

ఆ సాయంత్రం కోసం బావ శుక్రవారమే పని మొదలెడతాడు. షాపు కట్టేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, గాజు పొడి గోళ్ళలో ఉందేమోనని దీపం కింద పెట్టి చూసుకుని, అప్పుడు పళ్ళ దగ్గరికొస్తాడు. ఆపిల్, పియర్, కమలాలు. ఆపిల్ ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. "అందరం తినే ముక్కలే కదా బావా, కొలబద్ద కూడా తెచ్చుకో," అంటే, "మందంగా ఉన్నది లోపల నానదు, పల్చగా ఉన్నది చితికిపోతుంది. నువ్వు రైళ్ళు చూస్కో," అంటాడు. కమలా పై తొక్క సన్నగా గీరి, కింద తెల్లపొర ఒక్క పిసరు కూడా లేకుండా ఒలుస్తాడు. ఆ పొర గానీ వైన్లో నానిందా, తెల్లారేసరికి గిన్నెడూ చేదు. పళ్ళ మీద ముందు పంచదార, కాస్తంత బ్రాందీ, ఒక దాల్చినచెక్క. పళ్ళు నీరు వదిలి మెత్తబడ్డాక అప్పుడు ఎర్ర వైన్. ఖరీదైనది వద్దంటాడు, తియ్యటిది అసలే వద్దంటాడు. రాత్రంతా నా వాటాలోని ఫ్రిజ్‌లో ఉంచి, సోడా మాత్రం డాబా మీదకి తీసుకెళ్ళాకే కలుపుతాడు. ముందే పోస్తే బుస్సు మొత్తం మెట్ల మీదే పోతుందట. ఐసు ఎవరి గ్లాసులో వాళ్ళు వేసుకోవాల్సిందే. ఒకసారి పాటల మాస్టారు ఉత్సాహం పట్టలేక ఐసుగడ్డలన్నీ గిన్నెలో కుమ్మరించారు. కోపం రాని మనిషి అని చెప్పానా, ఆ రోజు బావ మొహం చూసి మాస్టారు చేతిలో గరిట దానంతటదే జారిపోయింది.

ఇంత బాగా కలిపే చేతికి ఆ వైనే శత్రువైంది. కలిపేవాడు రుచి చూడాలి కదా అని మొదట చెంచా. చెంచా కాస్తా గ్లాసైంది. శనివారం కాస్తా వారమంతా అయింది. ఎప్పుడూ గొడవ చెయ్యలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు, అదే మా కొంప ముంచింది. అరిచి గోల చేసే తాగుబోతైతే అందరం ముందే మేలుకునేవాళ్ళం. ఈయన నవ్వుతూ తాగాడు, మేం నవ్వుతూ చూశాం.

ఒక రోజు కిటికీకి కోసిన నిలువెత్తు అద్దాన్ని బల్ల మీంచి ఎత్తుతుంటే చెయ్యి వణికింది. పట్టుకోవటానికి ఇటు నించున్నది మా అక్క. అద్దం ఆవిడ పాదాల పక్కనే పడి భళ్ళున బద్దలైంది. దెబ్బ తగల్లేదు.  అక్క చీపురు తెచ్చి, వంగుని, ముక్కలన్నీ ఊడ్చి ఎత్తింది. ఆవిడ ఊడుస్తున్నంతసేపూ బావ తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజుతో మానేశాడు.

మానేశాడు అని ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ, ఆ నెలలు మా పగవాళ్ళకి కూడా వద్దు. చెమటలు, వణుకు, అన్నం ముందు కూర్చుని లేచిపోవటం. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ పిప్పరమెంట్లు జేబునిండా వేసుకునేవాడు. ఏమీ తోచకపోతే షాపులోకి పోయి, పనికిరాని అద్దం ముక్కల అంచులు అరగదీస్తూ కూర్చునేవాడు. ఆ కర్రుకర్రు చప్పుడు నా గదిలోకి వినపడేది. వినపడితే బతికాం అనుకునేదాన్ని. ఆగిపోతే మెట్లు దిగి వెళ్ళి చూసొచ్చేదాన్ని. నాకు ఆయనంటే ఎంత ప్రాణమో ఆ నెలల్లోనే తెలిసింది. ఆయనకి మాత్రం చెప్పలేదు, చెబితే నవ్వుతాడు.

కాస్త కోలుకున్నాడో లేదో, ఒక శుక్రవారం కమలాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా అక్క ఒంటికాలి మీద లేచింది.

"మానేశారుగా! ఇంకా ఆ గిన్నెతో మీకేం పని?"

"నేను మానింది తాగటం. కలపటం కాదు."

"అది కలపకపోతే ఎవరి ప్రాణం పోతుందండీ?"

"శనివారం ఎవరూ రాకపోతే ఆ సాయంత్రం నేనేం చెయ్యను?" అన్నాడు బావ. "ఈ నాలుగు గోడల మధ్య కూర్చుంటే నా మనసు ఎక్కడికి పోతుందో నీకు తెలీదు, నాకు తెలుసు. నలుగురూ చుట్టూ ఉంటే పోదు. వాళ్ళు నా కోసం వస్తారనుకుంటున్నావా? గిన్నె కోసం వస్తారు."

అక్క ఒక కమలా చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టింది. తరవాత అంది: "సరే, కలపండి. కానీ ఒక్క చుక్క మీ నోట్లో పడిన రోజు గిన్నె డాబా మీంచి వీధిలో పడుతుంది. శనివారాలు అంతటితో సరి. తరవాత నన్ను బతిమాలొద్దు." మా అక్క అన్నదంటే చేస్తుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

రుచి చూడకుండా కలపటమెలా? అక్కడ నేను ఇరుక్కున్నాను. "మరదలా, నీ నాలుక అప్పివ్వాలి," అన్నాడు. ఊరందర్నీ తిట్టే నాలుక, ఇందుకైనా పనికొస్తుందిలే అని ఒప్పుకున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది. చెంచాడు నా నోట్లో పోసి, నా మొహంలోకి అలా చూస్తూ ఎదురుగా కూర్చుంటాడు.

"ఎలా ఉంది?"

"బావుంది."

"బావుంది అనేది రుచి కాదు. పులుపు ముందొచ్చిందా, మింగాక వచ్చిందా?"

"మింగాక."

"నాలుకంతా పట్టేసినట్టుందా?"

"నాలుక కాదు, నా గొంతు పట్టేశావ్ నువ్వు! బావుందన్నాగా, వదలవయ్యా!"

"కోపంలో రుచి తెలీదు. నీళ్ళు తాగి మళ్ళీ చూడు."

అలా నా బుర్ర తిని తిని, కొన్నాళ్ళకి నాకే అర్థమవటం మొదలైంది. కమలా ఎక్కువైతే ఎక్కడ తగులుతుందో, దాల్చినచెక్క తీయటం ఆలస్యమైతే చివర్న ఎలా మిగులుతుందో. నేను చెప్పినదాన్ని బట్టి ఆయన కాస్త పంచదారో, ఇంకో ఆపిలో వేసేవాడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అయ్యేది. వచ్చినవాళ్ళు మాత్రం, "చెయ్యి ఏం మారలేదండీ," అనేవాళ్ళు. నాలుక మారిందని ఎవరికి తెలుసు?

రెండో గిన్నె సంగతి ఆ తరవాత వచ్చింది. అందరూ గ్లాసులు నింపుకుంటుంటే తను మంచినీళ్ళు పట్టుకుని కూర్చోవటం బావకి బాధగా ఉండేది. చెప్పేవాడు కాదు, కనపడేది. దాంతో వైన్ లేని పళ్ళ వైన్ తయారు చెయ్యాలని పట్టుబట్టాడు. నల్ల ద్రాక్షరసం, దానిమ్మరసం, అవే పళ్ళు, అదే దాల్చినచెక్క. మొదటిసారి చూసి నేను, "జ్వరం వచ్చిన పిల్లలకిచ్చే మందులా ఉంది," అన్నాను. వైన్లో ఉండే వగరు అందులో లేదు. ఆ వగరు కోసం ఎన్ని వారాలు తిప్పలు పడ్డాడో! చివరికి పాలు లేని చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చి పోశాడు. తాగి చూసి నోరెళ్ళబెట్టాను. రంగు అదే, వగరు అదే. వైన్ మాత్రం లేదు, అంతే. ఆ గిన్నె బావకీ, మందుల షాపావిడ మనవలకీ. పిల్లలు కూడా పెద్దవాళ్ళలా గ్లాసులు ఎత్తి చీర్స్ కొట్టేవాళ్ళు. వాళ్ళ మధ్య బావ మహారాజులా కూర్చునేవాడు.

రెండూ జంట గాజు గిన్నెలు, ఒకేలా ఉంటాయి. ఫ్రిజ్‌లో వైన్ గిన్నె మీద ఎప్పుడూ ఒక పాత తువ్వాలు కప్పేవాళ్ళం, అంచుల్లో ఊదా మరకలు పట్టిపోయింది. ద్రాక్షరసం గిన్నె మీద తెల్ల గుడ్డ. మరక ఉన్నది వైన్, లేనిది రసం. నాకూ బావకీ అదే గుర్తు. డాబా మీద పెట్టేటప్పుడు వైన్ ఎడమవైపు, రసం కుడివైపు. ఆ మరక గుర్తు అని మా అక్కకి చెప్పాల్సిన అవసరం వస్తుందని మా ఇద్దరికీ తోచలేదు. ఆవిడ ఆ గిన్నెల దరిదాపులకే వచ్చేది కాదు.

ఆ శనివారం షాపుకి ఒకాయన, తన కిటికీ అద్దం పగిలి, ఇంట్లోకి వాన పడుతోందని పరిగెత్తుకుంటూ వచ్చాడు. బావ కింద ఆ పనిలో ఉండిపోయాడు. నేనా, స్టేషన్లో. ఏదో రైలు ఆలస్యమైతే అది నా చేతకానితనం అన్నట్టు జనం నా కౌంటర్ మీదకి ఎగబడ్డారు. వాన వెలిసేసరికి పాటల మాస్టారూ, మందుల షాపావిడా గ్లాసులతో వచ్చి డాబా మీద ఎదురుచూస్తున్నారు. పాపం వాళ్ళని అలా కూర్చోబెట్టటం ఎందుకని మా అక్క మొదటిసారి ఆ గిన్నెల కోసం నా ఫ్రిజ్ తెరిచింది. తెరిస్తే ఏం కనపడింది? మరకల తువ్వాలు! తినే వస్తువు మీద అలాంటి గుడ్డ! ఇంకేముంది, దాన్ని లాగి బకెట్లో నానేసి, రెండు గిన్నెల మీదా ఇస్త్రీ మడత విప్పిన తెల్ల గుడ్డలు కప్పి పైకి పట్టుకెళ్ళింది. ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు పెట్టింది. ఏది వైనో, ఏది రసమో చూసుకోనే లేదు, ఆవిడ ధ్యాసంతా ఆ మరకల మీదే.

బావ చేతులు కడుక్కుని హడావుడిగా వచ్చి, గుడ్డల వైపు చూసుకోకుండానే, ఎప్పట్లాగే ఎడమ గిన్నెలో సోడా పోశాడు, కుడి గిన్నెలో పోశాడు. వాన వెలిసి గాలి గట్టిగా వీస్తోంది, వాసన ఎక్కడ నిలుస్తుంది? అందరికీ ఎడమ గిన్నెలోంచి పోసి, తన గ్లాసు కుడి గిన్నెలో ముంచుకుని కూర్చున్నాడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

నేను మెట్లెక్కి వచ్చేసరికి డాబా మీద సందడే సందడి. పాటల మాస్టారు పిట్టగోడ పట్టుకుని ఊగుతూ పాడుతున్నారు. ఊగటం తాళానికా, తాగటానికా అన్నది తెలీటం లేదు. మందుల షాపావిడ కళ్ళు అరమోడ్చి, "ఈసారి గట్టిగా కలిపావు తమ్ముడూ, తల గిర్రున తిరుగుతోంది," అంటోంది. ఆవిడ మనవలు వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళారట, రాలేదు. బావ కుడి గిన్నె పక్కకి కుర్చీ లాక్కుని, దానికి ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో గ్లాసు.

నేను ఎడమ గిన్నెలోంచి పోసుకుని ఒక గుక్క తాగాను. బావ నేర్పిన నాలుక కదా, ఊరుకుంటుందా? వగరు ఉంది, పులుపు ఉంది, టీ ఉంది. వైన్ లేదు.

ఒక్క క్షణం నవ్వొచ్చింది. ద్రాక్షరసం తాగి ఊగుతున్నారా వీళ్ళంతా! మరుక్షణం కుడి గిన్నె వైపు చూశాను. ఇది రసమైతే, ఆ గిన్నెలో ఉన్నదేంటి? బావ చేతిలో ఉన్నదేంటి?

ఆయన నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వెళ్ళి పక్కన కూలబడ్డాను.

"బావా, అది..."

"తెలుసు. అరవకు."

"తాగావా?"

"మీ అక్క చూస్తోంది. నవ్వు మొహం పెట్టు."

"నవ్వు మొహమా! ముందు ఆ గ్లాసు ఇటియ్యి." ఎవరూ చూడకుండా పట్టుకుని లాగాను. వదల్లేదు. ఇంకోసారి లాగాను. వేళ్ళు ఇంకా బిగించాడు.

"ఉండనీ," అన్నాడు. "నా దగ్గరే ఉండనీ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట ఆయన నోటివెంట ఇంతకుముందు విన్నాను. తాగే రోజుల్లో గ్లాసు తీసెయ్యబోతే సరిగ్గా అలాగే, అంతే మెత్తగా అనేవాడు. మసక వెలుతురులో గ్లాసులో ఎంత ఉందో కూడా కనపడలేదు, పైన ఎడం అరచెయ్యి కప్పి పట్టుకున్నాడు. అరవాలనిపించింది. అరిస్తే అక్కకి తెలుస్తుంది, గిన్నె వీధిలో పడుతుంది, శనివారాలు పోతాయి. అరవకపోతే ఈయన పోతాడేమో! నా ఉద్యోగంలో నేను నోరు మూసుకుని కూర్చున్నది ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రం కూర్చున్నాను.

ఆయన మాత్రం అందరితో మాట్లాడుతూనే ఉన్నాడు. మాస్టారు పాడితే భేష్ అన్నాడు. మందుల షాపావిడ కుడి గిన్నె వైపు గ్లాసు చాపితే, "అది పిల్లలది అక్కా, మీకు చప్పగా ఉంటుంది, ఇదిగో ఇది పోస్తానుండండి," అని ఎడం చేత్తోనే ఎడమ గిన్నెలోంచి పోశాడు. మాస్టారు ఒక ముక్క ఆపిల్ తీసుకుంటానని వంగితే కుర్చీ ఇంకాస్త అడ్డం జరిపాడు. ఆ గిన్నె మీద ఈగ వాలనివ్వలేదు. కుడిచేతిలో గ్లాసు మాత్రం దించలేదు.

దీపాలు పెట్టే వేళకి వాళ్ళు లేచారు. మాస్టారు ఒక్కో మెట్టూ జాగ్రత్తగా చూసుకుంటూ, "పట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను," అంటూ దిగారు. ఎవరూ పట్టుకోలేదు. ద్రాక్షరసం తాగిన మనిషిని పట్టుకునేదేముంది!

అక్క గిన్నెలు సర్దటానికి వచ్చింది. ఎడమది అడుగంటింది. కుడిదాని మీద గుడ్డ తీసి, "ఇదేంటి, ఇంత మిగిలిపోయింది?" అంటూ ఎత్తింది. ఎత్తినదల్లా ఆగిపోయింది. దుప్పట్ల గుట్టల మధ్య బతికిన ముక్కు అది. గిన్నె మెల్లగా కింద పెట్టింది. గుడ్డ వైపు చూసింది. తను నానేసిన తువ్వాలు గుర్తొచ్చిందనుకుంటాను, మొహం పాలిపోయింది.

"ఏమండీ, మీ గ్లాసులో ఏముంది?"

"వైన్," అన్నాడు బావ.

"అయ్యో, నేనే మార్చేశాను! నా చేత్తో నేనే..." అక్క ఆయన దగ్గరికి వచ్చింది. "తాగారా?"

బావ గ్లాసు మీంచి అరచెయ్యి తీశాడు. అంచు దాకా నిండుగా ఉంది. ఐసు ఎప్పుడో కరిగిపోయింది, ఆపిల్ ముక్కలు పైన తేలుతున్నాయి.

"నోటి దాకా వెళ్ళాక వాసన తెలిసింది. అక్కడే ఆపాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది. "అయితే అప్పుడే పారబొయ్యొచ్చుగా! ఆ పూలకుండీలో పోసి చావొచ్చుగా! సాయంత్రమంతా ముక్కు కింద పెట్టుకుని కూర్చోటమేంటి, నేను లాక్కున్నా ఇవ్వకపోవటమేంటి? పిచ్చా నీకు?"

ఆయన జవాబు నాకు కాదు. అక్కకి చెప్పాడు. ఈసారి నవ్వు లేదు మొహంలో.

"పారబోస్తే ఖాళీ గ్లాసే మిగులుతుంది. ఖాళీ గ్లాసు పట్టుకుని తాగలేదంటే నువ్వు నమ్ముతావు. నాకు తెలుసు, నమ్మటానికి చూస్తావు. తెల్లవార్లూ మేలుకుని మరీ చూస్తావు. అంత కష్టం నీకెందుకని పట్టుకున్నాను. కింద పెడితే ఎవరైనా ఎత్తేస్తారని పెట్టలేదు."

అక్క ఆయన ముందు నేల మీద కూర్చుంది. గ్లాసు తీసుకోబోయింది, రాలేదు. అంతసేపు చల్లటి గ్లాసుని బిగించి పట్టుకోవటంతో వేళ్ళు కొయ్యబారిపోయాయి. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పసాగింది. ఏడుస్తోంది, తుడుచుకోవటం లేదు.

"చూశానండీ," అంది. "నేను చూశాను. ఇక వదిలెయ్యండి."

బావ వదిలాడు.